ఒక పక్క మెలిక

టేపు చివరను బ్లేడు మొనతో షీటు మీద ఆనించి, ఎడమచేతి బొటనవేలి గోటితో అదిమి, అప్పాజీ ఊపిరి బిగబట్టాడు. పక్కన ఎవరైనా తుమ్మినా ఆయనకి కోపం వచ్చే క్షణం అది. ఆ కోపం కూడా పెద్దగా ఏమీ ఉండదు. కళ్ళజోడు మీదుగా ఒకసారి చూస్తాడు, అంతే.

టేపు నల్లటిది, పేనిన దారమంత సన్నం. ముడతలు ముడతలుగా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పితే అటు వంగుతుంది. సాగదీస్తే మాత్రం పగబడుతుంది. సాగదీసి అంటించిన టేపు అప్పటికి బుద్ధిగా ఉన్నట్టే ఉండి, ఎండ ముదిరేసరికి నెమ్మదిగా వెనక్కి జరిగి మలుపుని చెడగొడుతుంది. అందుకని దాన్ని లాగకూడదు. పసిపిల్లని పక్క మీద వేసినట్టు, దానంతట అదే వాలేలా వదలాలి.

గాజుబల్ల అడుగున ట్యూబులైటు వెలుగుతోంది. అప్పాజీ అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. పొట్టిచేతుల తెల్లచొక్కా, నుదుటి మీద ఎప్పుడూ ఆరని చెమట, మధ్యవేలి మీద రూలింగు పెన్ను ఏళ్ళ తరబడి ఆని కాయగాసిన గుర్తు. బొటనవేలి గోరు ఒక్కటీ పెంచుతాడు. టేపు అదమడానికి దానికి మించిన పనిముట్టు ఏ దుకాణంలోనూ దొరకదని ఆయన నమ్మకం.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్టు మీది అంతస్తు అది. కింద తండ్రి గుడ్డ చింపుతుంటే, పైన కొడుకు గున్నేశ్వరరావు సర్క్యూటు బోర్డులు చేయిస్తుంటాడు. కాకినాడలో ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదివొచ్చిన కుర్రాడు గల్లాపెట్టె దగ్గర కూర్చోనన్నాడని తండ్రికి మొదట్లో బెంగగా ఉండేది. ఇప్పుడెవరైనా అడిగితే, “పైన మావాడు ప్లాస్టిక్కు కాగితాలకి బొట్లు పెట్టిస్తున్నాడండి” అని నవ్వేస్తాడు. అందులో అబద్ధమేం లేదు. బోర్డు మీద విడిభాగాల కాళ్ళు దిగే చోటల్లా నల్లటి గుండ్రటి స్టిక్కరు అంటించాలి. వాటిని ఇక్కడ అందరూ బొట్లనే అంటారు. బొట్టుకీ బొట్టుకీ మధ్య టేపు గీతలు. అన్నీ రెండింతల సైజులో అంటించాక, బ్లాకులు చేసే ప్రెస్సువాళ్ళు పెద్ద కెమెరాతో ఫోటో తీసి సగానికి తగ్గిస్తారు. ఆ ఫిల్ము ప్రకారం రాగిరేకు మీద గీతలు తేలతాయి.

అప్పాజీ ఈ పనికి వచ్చింది రిటైరయ్యాకే. అంతకు ముందు ధవళేశ్వరం ఇరిగేషను ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన కాలవలని ట్రేసింగు గుడ్డ మీద ఇంకుతో ఎత్తి రాయడం ఉద్యోగం. డెల్టాలో ఆయన చేతి కిందనుంచి పోని కాలవ లేదు. ఆయన కాలు పెట్టిన కాలవగట్లు మాత్రం బహు తక్కువ. ఆఫీసులో ఎవరూ ఆయన్ని పిలిచి మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టనూ లేదు. ప్రమోషను ఆయన అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. కొడుకు బుజ్జిబాబు తణుకు పంచదార ఫ్యాక్టరీలో కెమిస్టయ్యాడు. ఇంట్లో కూర్చుంటే వేళ్ళు ఊరుకోవడం లేదని ఈయన ఇక్కడికొచ్చాడు. రోజూ బస్సులో వస్తాడు, బస్సులో పోతాడు, మధ్యలో కాలవలకి బదులు టేపులు. హాయిగానే ఉంది.

ఇవాళ బల్ల మీదున్న షీటు మాత్రం ఆ హాయికి కొంచెం అడ్డం వచ్చింది.

హైదరాబాదులో ఒక లాబరేటరీకి, కాలాన్ని అతి చిన్న ముక్కలుగా కొలిచే యంత్రంలో పెట్టే బోర్డు ఇది. ఇందులో రెండు గీతలు జంటగా, పక్కపక్కనే నడుస్తాయి. ఎందుకో గున్నేశ్వరరావు మొదట్లోనే విడమరిచి చెప్పాడు.

“ఒకదాని మీద ఏది వెళ్తుందో, రెండోదాని మీద దానికి సరిగ్గా తలకిందులైంది వెళ్తుందండి బాబాయిగారూ. అవతల కూర్చున్న చిప్పు రెంటికీ తేడా చూసుకుంటుంది. రెండూ ఒకేసారి చేరాలండి. ఒకటి ముందొచ్చి ఇంకోటి వెనకొస్తే దానికి కంగారు. అందుకని మలుపుల దగ్గర మెలికలు పెట్టి, రెండు గీతల్నీ సమానం చెయ్యండి.”

తంటా అంతా ఆ ‘సమానం’ దగ్గరే వచ్చింది.

ఆ జంట ఒక పెద్ద విడిభాగాన్ని చుట్టుకుంటూ రెండు చోట్ల ఒకే వైపుకి తిరుగుతుంది. తిరిగిన ప్రతిచోటా బయటి గీతకి దూరం ఎక్కువవుతుంది, లోపలి గీతకి తక్కువవుతుంది. కాలవ మలుపు తిరిగితే బయటి గట్టుకి రాయి ఎక్కువ పట్టినట్టే. ఇదంతా అప్పాజీకి బాగానే తెలుసు. తెలియనిదల్లా మెలిక ఎలా తిప్పాలో. కాలవలకి ఎవరూ మెలికలు పెట్టరు.

ఆలోచించి ఆలోచించి, ఈ పని మొదటిసారి చేతికొచ్చిన సాయంత్రం నమూనా కాగితం ఒకటి ఇంటికి పట్టుకెళ్ళి భార్యకి చూపించాడు.

ధవళేశ్వరంలో వాళ్ళ వీధిలో శ్యామలాంబ మెలికల ముగ్గంటే ఒక పేరుంది. పెళ్ళి జరిగే ఇళ్ళవాళ్ళు ముందు మేళాన్ని మాట్లాడుకుని, తర్వాత ఆవిడని పిలుచుకుంటారు. భర్త అన్నేళ్ళు ఆఫీసుకి వెళ్ళొచ్చాడు గాని, తన పని గురించి ఒక్కనాడూ ఆవిడని ఒక్క మాట అడగలేదు. అడగకూడదని కాదు, అడగవలసింది ఏదైనా ఉంటుందని ఆయనకి తోచలేదు. “శ్యామలా, ఈ మలుపులో మెలిక ఎలా తిప్పితే బాగుంటుందంటావ్?” అని ఆ పూట అడిగేసరికి, ఆవిడ చేతిలో చాట బియ్యంతో సహా పక్కన పెట్టేసింది. కొంగు దోపుకుని, వసారాలో గచ్చు తుడిచి, వేళ్ళ సందులోంచి ముగ్గు జారవిడుస్తూ ఒక్క ఊపున గీసి చూపించింది. కోణం అన్నది లేకుండా, నీరు పల్లం వెతుక్కున్నట్టు వంపులు తిరిగిన మెలిక. అప్పాజీ చూసి అలా ఉండిపోయాడు.

“రెండు పక్కలా వెయ్యాలండోయ్” అంది శ్యామలాంబ. “ఒక పక్క వేసి ఇంకో పక్క వదిలేస్తే అదేం ముగ్గండీ? చూసినవాళ్ళు నవ్వరూ? రెండూ సమానంగా ఉండాలి.”

ఆవిడ నోటా అదే మాట వచ్చింది. ఇంకేం అనుమానం? కాలవ పటంలోనూ ఈ గట్టుకి ఏ గీత పెడితే ఆ గట్టుకీ అదే పెడతారు. మర్నాడు రెండు గీతలకీ మెలికలు అంటించాడు, అద్దంలో చూసుకున్నట్టు, ముచ్చటగా.

అంత అందమైన జంట ఆ హాల్లో అంతకు ముందు తయారుకాలేదు. పని మాత్రం చెయ్యలేదు. రెంటికీ సమానంగా పొడుగు కలిపితే ఉన్న తేడా ఉన్నట్టే ఉంటుందన్న చిన్న లెక్క, ఆ అందం ముందు ఎవరికీ గుర్తురాలేదు. గున్నేశ్వరరావు కూడా షీటు చూసి “అబ్బ!” అన్నవాడే. బోర్డు హైదరాబాదు వెళ్ళి తిరిగొచ్చాక, ఇద్దరూ బల్లకి చెరోవైపూ నిలబడి చాలాసేపు చూశారు. చివరికి గున్నేశ్వరరావే పట్టుకున్నాడు.

“అయ్యో, లోపలి గీతకే కదండీ వెయ్యాల్సింది! నేనైనా చూసుకోవద్దూ?”

“మీదేముంది బాబూ. నా చేతి అలవాటు. తప్పు నాదే” అన్నాడు అప్పాజీ. భార్య పేరు ఆయన నోటికి రాలేదు. రానివ్వలేదు.

హైదరాబాదు వాళ్ళు ఇంకొక్కసారి చూద్దామన్నారు. ఈసారీ కాకపోతే పని మద్రాసు పోతుంది. అప్పాజీకి ఆ భయం ఉంది గాని, అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. ఇంటికి వెళ్ళేసరికి శ్యామలాంబ గుమ్మంలోనే అడుగుతోంది, “మన బోర్డు ఏమైందండీ?” అని. మన బోర్డు! పక్కింటి రత్నమాణిక్యానికి కూడా చెప్పేసిందిట, హైదరాబాదు యంత్రంలో తన మెలిక ఉందని. “పరీక్షలో ఉంది” అని రోజులు నెట్టుకొస్తున్నాడు. పని మద్రాసు పోతే ఎందుకు పోయిందో చెప్పాలి. అన్నేళ్ళలో ఒకే ఒక్కసారి అడిగాను, తీరా అదీ తప్పయిందని ఏ మొహంతో చెప్పడం? ఈ షీటు సరిగ్గా వస్తే ఆ మాటే అక్కర్లేదు.

అందుకే ఇవాళ ఎవరితోనూ మాట్లాడకుండా పనిచేస్తున్నాడు.

బయటి గీత పొద్దున్నే అయిపోయింది. ఇప్పుడు లోపలిది. మొదటి మలుపు దాటగానే టేపుని లోపలికి వంచి, శ్యామలాంబ గచ్చు మీద తిప్పినట్టే తిప్పాడు. వంపు, ఎదురు వంపు, మళ్ళీ దారిలోకి. పక్కనున్న బయటి గీత ఏమీ పట్టనట్టు నున్నగా సాగిపోతోంది. ఒకవైపు మీసం తీసేసిన మనిషిలా ఉంది ఆ జంట. చూస్తున్నకొద్దీ ఆయన కుడిచెయ్యి దానంతట అదే బయటి గీత వైపు పోతోంది. చేతిని వెనక్కి తీసుకుని, తువ్వాలుతో తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

పక్కబల్ల మీద బొట్లు అంటిస్తున్న మీనాకుమారి లేచి వచ్చి తొంగిచూసింది. ఇంటరు చదివి ఇక్కడ చేరిన పిల్ల, అప్పాజీ దగ్గరే పని నేర్చుకుంది.

“మాస్టారండీ, ఇటుపక్క మర్చిపోయారు” అంది.

“మర్చిపోలేదమ్మా.”

“మరి ఒక పక్కే వేశారేంటండీ? ఏదోలా ఉంది.”

“ఏదోలానే ఉంటుంది. ఏం చేస్తాం! లోపలిదానికే తక్కువైంది, దానికే పెట్టాలి. తిన్నవాడికే మళ్ళీ వడ్డించామనుకో, ఆకలితో ఉన్నవాడి సంగతేంటి?”

మీనాకుమారి నవ్వి, ఇంకోసారి చూసి, “అయినా ఏదోలానే ఉందండి” అంటూ పోయింది. అప్పాజీకీ నవ్వొచ్చింది. తనకొక్కడికే కాదన్నమాట ఈ జబ్బు.

రెండో మలుపు కూడా తిప్పాక కొలత పని. దానికి ఆయన దగ్గర మైనం రాసిన దారం ఉంది. దారాన్ని టేపు మీద ఒక చివర బొట్టు నుంచి మొదలుపెట్టి, గోటితో అంగుళం అంగుళం అద్దుకుంటూ, ప్రతి వంపులోనూ దించి, రెండో చివర బొట్టు దగ్గర బ్లేడుతో కోశాడు. బయటి గీతకీ అలాగే ఇంకో దారం. రెంటినీ నిటారుగా తీసి, తలలు కలిపి పట్టుకుని, కిటికీ వెలుగులో వేలాడదీశాడు. లోపలిది ఒక బియ్యపుగింజంత ఎక్కువ దిగింది.

మొదటి మెలిక ఊడదీసి కాస్త పలచన చేశాడు. ఈసారి తక్కువైంది. కింద కొట్లోంచి గుడ్డ చింపుతున్న చప్పుడు, రోడ్డు మీద రిక్షా బెల్లులు, వీటన్నిటి మధ్యా ముసలాయన టేపు అంటిస్తూ, ఊడదీస్తూ, దారాలు కోస్తూ ఉన్నాడు. విసుగు రాలేదు. ఏదైనా సరిగ్గా కుదరడానికి ముందు ఇలాగే సతాయిస్తుందని ఆయనకి అలవాటే.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుకున్నాడు. దొండకాయ వేపుడు, పప్పుచారు, పెరుగన్నంలో మాగాయ ముక్క. మీనాకుమారికి కొంచెం వేపుడు పెట్టాడు. తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కున్నాడు, ఎందుకంటే నూనె చేతికి టేపు అంటదు. కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆషాఢం కదా, గోదావరికి వరదతో ఎర్రనీరు వచ్చిందని పొద్దున్న బస్సులో అందరూ అదే మాట. ఇక్కణ్ణించి నది కనబడదు గాని, గాలిలో తడిమట్టి వాసన తగులుతోంది. ఆ గాలికి ఆయనకి ఎందుకో చాలా సంతోషంగా అనిపించింది. లోపలికొచ్చి బల్ల ముందు కూర్చుని, ముందు కళ్ళు మూసుకున్నాడు.

వసారా గచ్చు మీద శ్యామలాంబ చెయ్యి ఎలా కదిలిందో చూశాడు. ఆవిడ వంపు తిప్పే ముందు వేగం తగ్గించలేదు. ఈయన తగ్గిస్తున్నాడు. ప్రతి వంపుకీ ముందు ఆగి, బెదిరి, అక్కడ టేపు కొద్దికొద్దిగా లాగుతున్నాడు. లాగింది మళ్ళీ జరుగుతోంది. అదీ సంగతి.

రెండు మెలికలతో సహా లోపలి గీతంతా ఊడదీసేశాడు. ఈసారి బ్లేడు పక్కన పెట్టి, టేపు చుట్టని ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేతి గోరుతో అద్దుతూ, ఎక్కడా ఆగకుండా మొదటి బొట్టు నుంచి చివరి బొట్టు దాకా ఒకే ఊపున వచ్చేశాడు.

దారాలు కోసి పైకెత్తాడు. రెండూ ఒక్కచోట ఆగాయి.

నమ్మకం కుదరక గున్నేశ్వరరావుని పిలిచాడు. అతను వచ్చి తనే కొత్త దారాలు తీసుకుని, కొలిచి, కిటికీ దగ్గర పట్టుకుని, కొసలు వేళ్ళతో తడిమి చూశాడు.

“బాగుందండి బాబాయిగారూ” అన్నాడు. ఆపైన ఇంకేదో అనబోయి, షీటు వంక చూసి, “చాలా బాగుందండి” అన్నాడు.

ప్రెస్సు మూసే వేళవుతోందని షీటుని రెండు అట్టల మధ్య పెట్టి, రిక్షాలో గున్నేశ్వరరావు తనే పట్టుకెళ్ళాడు. అప్పాజీ బల్ల తుడిచి, పనిముట్లు సర్ది, అడుగున లైటు ఆర్పి మెట్లు దిగాడు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. గట్టు వెంట నది కాషాయం నీళ్ళతో నిండుగా పోతోంది. దాన్ని కూడా ఎన్నోసార్లు గీశాడు, రెండు గీతలుగా. గీసిన దానికంటే ఇది ఎప్పుడూ వెడల్పుగానే ఉంటుంది.

శ్యామలాంబ గుమ్మంలోనే ఉంది.

“మన బోర్డు ఏమైందండీ?”

“బాగుందన్నారు.”

“నిజంగానా? మెలిక నేను చెప్పినట్టే తిప్పారా?”

“అచ్చం నువ్వు తిప్పినట్టే. మెలిక నీదే శ్యామలా” అన్నాడు అప్పాజీ. అందులో అబద్ధం ఒక్క పిసరు లేదు. రెండో పక్క సంగతి ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఆవిడ మొహం అంత వెలగడం ఆయన చాలాకాలానికి చూశాడు. పెసరట్లు వేస్తానని లోపలికి పోతూ, వంటింటి గోడ మీదుగానే రత్నమాణిక్యానికి కేకేసి చెప్పింది. ఆ కేక వింటూ ఆయన వసారాలో పడకకుర్చీలో వెనక్కి వాలాడు. ఇక గుమ్మంలో మాట దాటేసే పని లేదన్న తేలిక ఒంటినిండా ఉంది. ఎదురింటి డాబా మీద ఇంకా కొంచెం ఎండ మిగిలి ఉంది.

ఆవిడ అల్లప్పచ్చడితో పళ్ళెం పట్టుకొచ్చేసరికి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. “చల్లారిపోతాయండీ” అని ఒకసారి లేపింది. రెండోసారి భుజం మీద చెయ్యి వేసింది. గుండె ఆగిపోయిందని వీధి చివర డాక్టరుగారు వచ్చి చెప్పారు. బాధపడ్డ గుర్తేదీ ఆయన మొహంలో లేదు.

కర్మకాండలన్నీ అయ్యాక, తణుకు బయల్దేరే ముందు బుజ్జిబాబు తల్లిని రాజమండ్రి తీసుకొచ్చాడు, నాన్నగారి కళ్ళజోడూ తువ్వాలూ ఏవో అక్కడ ఉండిపోయాయని. అతను కింద కొట్లో గున్నేశ్వరరావు తండ్రి పలకరింపులకి జవాబులు చెప్తుండగా, శ్యామలాంబ ఒక్కతీ మెట్లెక్కి పైకి వచ్చింది. భర్త అంతకాలం పనిచేసిన చోటు ఆవిడ చూడటం అదే మొదటిసారి.

గున్నేశ్వరరావు గబగబా కుర్చీ వేశాడు. ఆవిడ కుర్చీలో కాకుండా గాజుబల్ల ముందున్న ఎత్తుపీట మీద కూర్చుంది.

“మొన్ననే హైదరాబాదు నుంచి ఫోనొచ్చిందండి పిన్నిగారూ. బోర్డు బ్రహ్మాండంగా పనిచేస్తోందిట. ఇకమీదట పనంతా మనకే ఇస్తామన్నారండి. ఆయన ఉంటే...” అన్నాడు.

“ఏదీ, నాకోసారి చూపించు బాబూ.”

అట్టల మధ్యనుంచి షీటు తీసి బల్ల మీద పరిచి, లైటు వేశాడు. అన్ని నల్లగీతల్లోనూ తన మెలికని ఆవిడ చప్పున పట్టేసుకుంది. వేలు దానిమీద ఆనించకుండా, పైనుంచే దాని వెంట నడిపించింది. తర్వాత వేలు ఆగింది.

“ఒక పక్కే ఉందేంటి? ఆయన పూర్తిచెయ్యలేదా?”

“పూర్తయిందండి. అలా ఒక పక్కే ఉంటేనే రెండూ సమానం అవుతాయండి. ముందు రెండు పక్కలా వేశారు. అది పనిచెయ్యక తిరిగొచ్చేసిందండి. నాకూ తట్టలేదు. బాబాయిగారు మాత్రం తప్పంతా తన చేతి అలవాటుదేనన్నారు.”

“ఎప్పుడొచ్చింది తిరిగి?”

“ఎర్రనీరు రాకముందేనండి.”

శ్యామలాంబకి గుమ్మంలో నిలబడి తను అడిగిన సాయంత్రాలు, పరీక్షలో ఉందని చెప్పి చెప్పులు విప్పుకుంటూ తలొంచుకున్న మనిషి, అన్నీ కళ్ళముందు ఆడాయి. రత్నమాణిక్యానికి వేసిన కేక కూడా. సిగ్గుతో మొహం ఒక్కక్షణం వేడెక్కింది. తర్వాత ఆ సిగ్గు ఎటో పోయి, పెద్ద దుఃఖం వచ్చింది. దాని వెనకే ఎంతకీ ఆగని ప్రేమ వచ్చింది. బతుకంతా కలిపి ఒక్కటి అడిగాడు. ఆ ఒక్కదాన్నీ ఆవిడ దగ్గర చెడిపోనివ్వకుండా చూసుకుని వెళ్ళాడు.

“తప్పు ఆయనది కాదు బాబూ” అంది, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. “రెండు పక్కలా వెయ్యమన్నది నేను.”

గున్నేశ్వరరావు షీటుని మళ్ళీ అట్టల మధ్య పెట్టాడు. మీనాకుమారి కళ్ళజోడు పెట్టె, తువ్వాలు, క్యారేజీ తెచ్చి సంచిలో సర్దింది. బ్లేళ్ళూ టేపూ కూడా ఇవ్వమంటారా అన్నట్టు చూసింది.

“అవి పనివి కదమ్మా. ఇక్కడే ఉండనీ” అని శ్యామలాంబ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లైటు ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. గాజుబల్ల అంచున సగం వాడిన టేపు చుట్ట ఒకటి ఉంది. ఇంకోసారి తియ్యబోయే చేతికి వెతుక్కునే పని లేకుండా దాని కొసని కొద్దిగా లోపలికి మడిచి ఉంచాడు అప్పాజీ.